తలుపు పగలగొట్టిన ఒట్టీలియా

మొన్న ఫిలడెల్ఫియా నుంచి ముగ్గురు పెద్దమనుషులు మా గుమ్మం ముందు బండి దిగారు. నడుముకి తెల్లటి తోలు ఏప్రన్లు, మెడల్లో నీలం రిబ్బన్లు. వాళ్ళదేదో రహస్య సంఘమట. రహస్య సంఘం వాళ్ళు పెళ్ళికి వచ్చినట్టు ముస్తాబై పట్టపగలు ఊళ్ళోకి రావడం ఏమిటో నాకు అర్థం కాలేదు.

"అమ్మా, కొండమీది ఇంట్లో కొత్త జన్మ అంచుదాకా వెళ్ళొచ్చిన సహోదరుడు తోబియాస్ గారు ఇక్కడే ఉంటారని విన్నాం. ఆ మహానుభావుణ్ణి ఒకసారి చూడొచ్చా?" అని వాళ్ళలో పొడుగాయన టోపీ తీసి అడిగాడు.

మహానుభావుడు! ఆ సమయానికి మహానుభావుడు నా వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని, గిన్నెలో రొట్టె మెత్తబడిందా లేదా అని చెంచాతో పొడిచి చూసుకుంటున్నాడు. డెబ్బై దాటినవాడు, నోట్లో ఒక్క పన్ను లేదు. లోపలికి రమ్మన్నాను. ఇంటికొచ్చినవాళ్ళని పొమ్మనడం మా పద్ధతి కాదు.

లోపల ఏం జరిగిందో తర్వాత చెబుతాను. ముందు ఒట్టీలియా సంగతి చెప్పాలి. తోబియాస్‌కి అక్క. ఆ ముగ్గురికీ ఆమె పేరు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. "ఎవరో ఒకావిడ తలుపు పగలగొట్టి పవిత్ర కార్యాన్ని చెడగొట్టిందటగా" అన్నారు, అంతే. ఎవరో ఒకావిడ! ఆ మాట విన్నప్పటి నుంచీ నా ఒళ్ళు మండుతూనే ఉంది.

ఒట్టీలియాది రైను నది ఒడ్డున ఒక నేతగాళ్ళ పల్లె. ఆ దేశంలో అప్పట్లో దేవుడి గురించి మాట్లాడాలంటే పాస్టరు గారి అనుమతి కావాలి. ఒక నేతగాడు బైబిలు ముందు పెట్టుకుని "ప్రభువు నా మనసులో ఈ మాట పుట్టించాడు" అన్నాడో, మర్నాడు దొర మనుషులొచ్చి మగ్గం ఎత్తుకుపోయేవాళ్ళు. అందుకని అలాంటివాళ్ళంతా వంటిళ్ళలో కలుసుకునేవారు. చెప్పులు కుట్టేవాళ్ళు, దర్జీలు, పాచిపని చేసుకునే ఆడవాళ్ళు, అప్పుడప్పుడు చదువుకున్న డాక్టరు ఒకాయన. మనిషికీ దేవుడికీ మధ్య దళారీ అక్కర్లేదు అన్నదే వాళ్ళ మతమంతా. ఎవరి లోపలి వెలుగు వాళ్ళది.

పట్టుబడకుండా ఉండటానికి వాళ్ళకో గుర్తు ఉండేది. తలుపు మీద వేళ్ళతో మెల్లగా రెండుసార్లు, కాస్త ఆగి అరచేత్తో ఒకసారి తట్టేవారు. ఆ తట్టు వినబడితే తలుపు తీయాలి. ఏ ఊరు, ఏ కులం, ఏం చదివావు అని అడగకూడదు. ఒట్టీలియా వాళ్ళ వంటింట్లో తలుపు వెనక నిలబడి తీసే పని చిన్నప్పుడు ఆమెదే. "ఆ తట్టుకి తీయకపోతే ప్రభువుకి తీయనట్టేనే పిల్లా" అనేదట వాళ్ళమ్మ. ఒకసారి వానలో తడిసి ముద్దయిన ముష్టివాడొకడు ఎక్కడ నేర్చుకున్నాడో అదే తట్టు తట్టాడట. తీసింది. తెల్లారేదాకా అతనూ ప్రార్థనలో కూర్చున్నాడట. ఈ కథ ఒట్టీలియా నాకు ఎన్నిసార్లు చెప్పిందో, చెప్పిన ప్రతిసారీ నవ్వేది.

తర్వాత ఆ ఊళ్ళో బతకలేక ఓడ ఎక్కారు. ఓడలో జ్వరాలు, పురుగుల బిస్కెట్లు. తల్లి సముద్రం మధ్యలో పోయింది. పోయేముందు తోబియాస్ చెయ్యి ఒట్టీలియా చేతిలో పెట్టి, "వీడి కడుపు మాడనివ్వకే" అంది. ఆత్మ సంగతి చూసుకోమనలేదు. అంతా ఆత్మ గురించే బతికిన మనిషి, ఆఖరికి పిల్లాడి కడుపు గురించి అడిగింది. ఒట్టీలియా ఆ మాటని జీవితమంతా పట్టుకుని ఉంది.

పెన్సిల్వేనియాలో మా వాగు ఒడ్డున సహోదరుల మఠం అప్పటికే ఉంది. ముసలి తండ్రి అని పిలిచేవాళ్ళం, ఆయన మొదలుపెట్టాడు. బ్రహ్మచారులైన సహోదరులు ఒక పక్క, సహోదరీలు ఒక పక్క, మాలాంటి సంసారులు వాగు అవతల పొలాల్లో. శనివారం అందరం ఒకచోట కూర్చునేవాళ్ళం. ఎవరికి మాట వస్తే వాళ్ళు లేచి చెప్పేవాళ్ళు. ఒట్టీలియాని పాటల బృందంలో వేశారు గానీ, గొంతు మరీ పెద్దదని నాలుగు వారాలకే తీసేసి రొట్టెల పొయ్యి దగ్గర పెట్టారు. "దేవుడికి చెవుడు లేదటే, అందుకని నన్ను పొమ్మన్నారు" అని తనే అందరికీ చెప్పుకుని నవ్వింది.

ఒక శనివారం ఒట్టీలియా లేచి నిలబడింది. చేతులకి ఇంకా పిండి ఉంది. "ఇవాళ పొయ్యి తలుపు తీస్తే సెగ మొహానికి కొట్టింది" అంది. "అప్పుడు నాకు తట్టింది. నేనేదో ఆయన్ని చూడాలని ఇన్నాళ్ళూ తంటాలు పడుతున్నా. ఆయన తలుపు తీసుకుని నన్నే చూస్తున్నాడు. ఎప్పట్నుంచో చూస్తున్నాడు. అంతే, ఇంకేం లేదు. అలా నిలబడిపోయా, అందుకే ఇవాళ రొట్టె మాడింది, ఏమనుకోకండి." కొందరు నవ్వారు, చాలామంది ఏడ్చారు. ముసలి తండ్రి ఆమె దగ్గరకొచ్చి పిండి అంటిన ఆ చేతుల్ని తన కళ్ళకద్దుకున్నాడు. నేను చూశాను.

ముసలి తండ్రి పోయాక ఏలీయాబు పెద్ద అయ్యాడు. అసలు పేరు వేరే, మఠంలో పెట్టుకున్న పేరిది. మంచి చదువు, మంచి రూపం, మాట తేనె. పాత దేశంలో పూర్వం నుంచి ఒక గుప్త సోదరత్వం ఉందనీ, మానవుడు ఆదాములా పాపం లేని శరీరంతో మళ్ళీ పుట్టే విద్య వాళ్ళ దగ్గర ఉందనీ, ఆ విద్య తన దాకా వచ్చిందనీ చెప్పాడు. అది అందరికీ చెప్పేది కాదు. మెట్లున్నాయి. ఒక్కో మెట్టుకీ ఒక గుర్తు, ఒక ప్రమాణం, ఒక అంగీ. ఆడవాళ్ళకి మొదటి మెట్టు కూడా లేదు.

నాకు అప్పుడూ మండింది, ఇప్పుడూ మండుతోంది. పాత దేశంలో దాక్కున్నారంటే మగ్గం పోతుందని, మెడ పోతుందని దాక్కున్నారు. పెన్సిల్వేనియాలో ఎవరికి భయపడి? ఇక్కడ నడివీధిలో నిలబడి పాడుకున్నా అడిగేవాడు లేడు. దాక్కోవడానికి శత్రువు దొరక్క, రొట్టెలు చేసిపెట్టే అక్కచెల్లెళ్ళ దగ్గర దాక్కున్నారు. మధ్యలో దళారీ వద్దని సముద్రం దాటొచ్చినవాళ్ళు దేవుడికి మళ్ళీ తాళాలు బిగించారు.

కొండమీద ఒక ఇల్లు కట్టించారు. కట్టింది మా ఆయన యోస్ట్, వడ్రంగి. కింద సామాను గది. పైన కిటికీ అన్నది లేని గుండ్రటి గది, మధ్యలో దీపం. ఇంకా పైన ఏముందో మా ఆయన నాకు చెప్పలేదు. లోపలి సంగతి ఎవరికీ చెప్పననీ, ఆ తలుపు మీద ఎన్నడూ చెయ్యి వేయననీ ఆయనతో ప్రమాణం చేయించారు. నా పక్కలో పడుకునే మనిషి చేత నాకు చెప్పనని ప్రమాణం!

ఆ ఇంట్లోకి ఏటా వేసవిలో కొంతమంది సహోదరులు వెళ్ళి నలభై రోజులు ఉండేవారు. రొట్టె పైపెచ్చులు, వాననీళ్ళు, అంతే ఆహారం. మధ్యమధ్య రక్తం తీయడం. చివరి రోజుల్లో ఏలీయాబు చేతిమీదుగా తెల్లటి గింజలాంటి మందు. ఆ మందు పడ్డాక మాట పడిపోతుందట, జుట్టు రాలుతుందట, పళ్ళు ఊడతాయట. అవన్నీ పాత మనిషి చస్తున్న గుర్తులట. నలభయ్యో రోజున కొత్త జుట్టుతో, కొత్త పళ్ళతో, పసివాడి మనసుతో లేస్తాడట. లేచినవాణ్ణి నేనైతే చూడలేదు. చాలామంది భయపడి మధ్యలోనే దిగొచ్చేవాళ్ళు, దిగొచ్చి నోరు మెదిపేవాళ్ళు కాదు.

తోబియాస్ అప్పటికి పాతికేళ్ళవాడు. కాగితం మిల్లులో పని. చక్కనివాడు, తన చక్కదనం తనకి తెలుసు. ఏలీయాబు వాణ్ణి పిలిచి, నీలో పాత్రత కనబడుతోంది అన్నాడట. ఇంకేం కావాలి! పొయ్యి దగ్గరకొచ్చి అక్కతో చెప్పాడు. నేను అక్కడే యాపిల్ ముక్కలు ఎండబెడుతున్నాను.

"నలభై రోజులు పస్తులుంటావా? నువ్వా? పొద్దున గంజి ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేస్తావు కదరా" అంది ఒట్టీలియా.

"నీకు అర్థం కాదక్కా. ఇది పస్తు కాదు, కార్యం."

"పస్తులుంటే దేవుడు కనబడతాడంటే ఓడలో కనబడి ఉండాల్సింది కదరా తోబీ. మన ఒంటిమీద బొమికలు లెక్కపెట్టుకునేలా ఉన్నాం అప్పుడు. అమ్మకి కనబడ్డాడా?"

"అమ్మకి మెట్లు తెలియవు."

ఒట్టీలియా పిండి పిసకడం ఆపింది. "ఏమన్నావురా? అమ్మకా? ఆమె వంటింట్లో కూర్చుని ఎంతమంది తిన్నారో, ఎంతమంది ఏడ్చారో నీకు తెలుసా? అప్పుడు నువ్వు ఉయ్యాల్లో ఉన్నావు. మెట్లు తెలియవట!"

"అందుకే నీకు చెప్పకూడదన్నారు" అని విసురుగా వెళ్ళిపోయాడు. వెళుతూ వెళుతూ బల్లమీది వేడి రొట్టె ఒకటి చంకలో పెట్టుకుపోయాడు. "చూశావటే రెజీనా, కార్యం మొదలైంది" అంది ఒట్టీలియా. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ తర్వాత చాలాకాలం మేం నవ్వలేదు.

ఆ వేసవిలో తోబియాస్, ఇంకొందరు సహోదరులు కొండెక్కారు. రోజూ రొట్టెలు ఒట్టీలియానే కాల్చి పంపాలి. లోపలి మెత్తటి భాగం తీసేసి పెచ్చులు మాత్రం గోడలోని చిన్న కిటికీలోంచి లోపలికి ఇవ్వాలి. అందుకునేవాడు కాపలా సహోదరుడు షెమయా, మంచి ముసలాయన, భయస్థుడు. ఒట్టీలియా ఊరుకుంటుందా, పెచ్చుల లోపలి వైపు వెన్న రాసి పంపింది. మర్నాడు వెన్న రాసిన పెచ్చులన్నీ బుట్టలో వెనక్కి వచ్చాయి. ఏలీయాబు నుంచి ఒక హెచ్చరిక కూడా వచ్చింది. పవిత్రుల ఆహారంలో కొవ్వు కలపడం సాతాను పని అట. మా ఊళ్ళో వెన్నకి ఆ పేరు రావడం అదే మొదలు.

రోజులు గడిచాయి. ఒకరోజు షెమయా బుట్ట తీసుకుంటూ, ఒట్టీలియా మొహం చూడకుండా, "మీవాడికి మాట పడిపోయిందమ్మా" అన్నాడు. "రెండు రోజులైంది. పెచ్చు నోట్లో పెడితే నమలడం లేదు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. సంతోషించాలట."

ఆ శనివారం ప్రార్థనలో ఏలీయాబు కొండ దిగొచ్చి అందరి ముందూ ప్రకటించాడు. సహోదరుడు తోబియాస్‌లో పాత ఆదాము మరణిస్తున్నాడు, స్తోత్రం. జుట్టు రాలింది, స్తోత్రం. నాలుగు పళ్ళు ఊడాయి, స్తోత్రం. మొత్తం సభ లేచి కృతజ్ఞతాగీతం అందుకుంది. ఒక కుర్రవాడు జ్వరంతో చస్తుంటే సభంతా నిలబడి నాలుగు వరసల గొంతులు కలిపి, తప్పు లేకుండా, తీయగా పాడుతోంది! ఆ పాట ఈనాటికీ ఎవరైనా ఎత్తుకుంటే నేను లేచి బయటికి వచ్చేస్తాను.

పాట మధ్యలో ఒట్టీలియా గొంతు లేచింది. పాటల బృందంలోంచి తీసేసిన గొంతే.

"ఆపండి! మీ నోళ్ళు పడిపోను, ఆపండి! వాడికి జ్వరం! ఓడలో మా అమ్మకి వచ్చిన జ్వరమే అది! అప్పుడూ ఇలాగే మాట పడిపోయింది, జుట్టు రాలింది. మర్నాడు నీళ్ళలో వేశాం. కొత్త జన్మ లేదు, ఏమీ లేదు!"

సహోదరీలు ఆమె చేతులు పట్టుకుని కూర్చోబెట్టబోయారు. ఏలీయాబు కోపగించుకోలేదు. అదే నాకు ఇంకా మంట. జాలిగా నవ్వి, "శరీరంతో చూసేవాళ్ళకి శరీరమే కనబడుతుంది సహోదరీ. తల్లి ప్రసవిస్తుంటే పసిపిల్లలు భయపడతారు. కొద్ది రోజులు ఓర్చుకో" అన్నాడు. 

ఒట్టీలియా సభలోంచి నేరుగా మా ఇంటికి వచ్చింది, వెనకే నేనూ వచ్చాను. యోస్ట్ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు.

"అన్నా, ఆ తలుపు నువ్వే బిగించావు. తీసి పెట్టు. నీకు దణ్ణం పెడతాను."

యోస్ట్ తల దించుకున్నాడు. "ప్రమాణం చేశానమ్మా. దేవుడి మీద."

"ఏమయ్యా, ఆ పిల్లాడు చస్తున్నాడు" అన్నాను నేను.

"తెలుసే. కానీ ప్రమాణం..."

"ఆ ప్రమాణంలో గొడ్డలి నాకివ్వనని కూడా ఉందా?" అని అడిగాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. "లేదు" అన్నాడు. గోడకున్న గొడ్డలి తీసి బల్లమీద పెట్టి దొడ్లోకి వెళ్ళిపోయాడు. ఆ మనిషి నుంచి ఆ రోజు అంతకంటే రాలేదు, సరేలెమ్మని తీసుకున్నాను.

ఎండ నడినెత్తిన ఉంది. ఇద్దరం కొండెక్కాం. దార్లో ఎవరూ అడ్డం రాలేదు, అంతా ఇంకా పాడుకుంటున్నారు. తలుపు దగ్గరికి చేరాక నేను గొడ్డలి ఎత్తబోతే ఒట్టీలియా నా చెయ్యి పట్టుకుంది. "ఆగవే. ముందు తడతాను. వాళ్ళూ మనవాళ్ళే. తీస్తారు" అంది.

తట్టింది. వేళ్ళతో మెల్లగా రెండుసార్లు. కాస్త ఆగి, అరచేత్తో ఒకసారి.

లోపల కలకలం రేగింది. కుర్చీ జరిగిన చప్పుడు, గబగబా అడుగులు. ఒట్టీలియా మొహం వెలిగింది. తలుపు తెరుచుకోలేదు. చిన్న కిటికీలోంచి ఒక సహోదరుడి కళ్ళు కనబడ్డాయి.

"ఎవరు నువ్వు? ఆ తట్టు నీకెవరు చెప్పారు?"

"ఏంటి?"

"అది మూడో మెట్టు తట్టు! ఎవరు బయటపెట్టారు నీకు? ఎవరా ద్రోహి? పేరు చెప్పు!"

"మూడో మెట్టా?" అంది ఒట్టీలియా. "అది మా అమ్మ వంటింటి తట్టురా! మీ మెట్లు పుట్టకముందు నేను అమ్మ గౌను పట్టుకుని తలుపు వెనక నిలబడి విన్న తట్టు. ముష్టివాడు తట్టినా తీశాం. మీరు దాన్ని ఎత్తుకుపోయి అంగీ తొడిగి, ఎవరు చెప్పారని నన్నే అడుగుతారా? తీయండ్రా తలుపు!"

"ప్రమాణం చేయనివాళ్ళకి..."

ఇంక నేను వినలేదు. గొడ్డలి ఆమె నా చేతిలోంచి లాక్కుంది. ఎన్నో ఏళ్ళు పిండి పిసికిన చేతులవి. మా ఆయన గట్టి పనివాడే, తలుపు తొందరగా లొంగలేదు. చివరికి ఒక పలక విరిగింది, తర్వాత గడియ ఊడింది. షెమయా పక్కకి తప్పుకుని మెట్ల వైపు వేలు చూపించాడు. ఆ ఇంట్లో ఆ రోజు మనిషిలా ప్రవర్తించినవాడు అతనొక్కడే.

పైన గుండ్రటి గదిలో దీపం చుట్టూ చాపలు. చీకటి, రక్తం వాసన, మూత్రం వాసన. తోబియాస్ కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ అక్కని పోల్చుకోలేదు. దిండుగా పెట్టిన చెక్క మీద జుట్టు ఊడి పడి ఉంది. ఒట్టీలియా వాణ్ణి రెండు చేతులతో ఎత్తి భుజాన వేసుకుంది. మేం కిందికి దిగేసరికి ఏలీయాబు రొప్పుతూ కొండెక్కి వస్తున్నాడు.

"దించు! ఇప్పుడు తీసుకెళితే వాడు పాతవాడూ కాదు, కొత్తవాడూ కాదు. సగం కాలిన రొట్టె అయిపోతాడు!"

"సగం కాలినదాన్ని మళ్ళీ పొయ్యిలో పెట్టుకోవచ్చయ్యా. నువ్వు బొగ్గు చేసేదాకా ఉంచితే నేనేం చేసుకోను?" అంది ఒట్టీలియా. ఆగలేదు. అంత బరువుతో కొండ దిగి, వాగు దాటి, మా ఇంటికి వచ్చింది.

వాడు బతికాడు. గోరువెచ్చటి పాలలో రొట్టె మెత్తటి భాగం నానబెట్టి, చెంచాతో పెదాలు విడదీసి పోసింది. మొదట్లో సగం బయటికే కారేది. పళ్ళన్నీ ఊడిపోయాయి, మళ్ళీ రాలేదు. ఒకరోజు మధ్యాహ్నం వాడికి మాట వచ్చింది. ఒట్టీలియా చెంచా పట్టుకుని ఉంది. నేను పక్కనే ఉన్నాను.

"ఎందుకు తెరిచావే?" అన్నాడు.

అదీ వాడి మొదటి మాట. ఒట్టీలియా చెంచా గిన్నెలో పెట్టి వాడి మూతి తుడిచింది. "ముందు ఇది తిను, తర్వాత తిడుదువుగాని" అంది.

వాడు తిన్నాడు, తిట్టాడు. అలా ముప్ఫై ఏళ్ళు పైగా సాగింది. స్వర్గం గుమ్మం దగ్గర నిలబడ్డానని, లోపల వెలుగు కనబడుతోందని, వెనక నుంచి అక్క జుట్టు పట్టుకుని లాగిందని చెప్పేవాడు. లాగడానికి జుట్టెక్కడుందిరా అని నేను అడిగేదాన్ని. మఠం వాళ్ళు వాణ్ణి చెడిపోయిన పాత్ర అని బయటే ఉంచారు. ఒట్టీలియా కాల్చిన రొట్టె ముట్టకూడదని ఆంక్ష పెట్టారు. ఆమె పిండి పిసికే చేతుల్ని ముసలి తండ్రి కళ్ళకద్దుకున్న ఊరిది! ఇద్దరికీ మా ఇంటి వెనక గది ఇచ్చాం. యోస్ట్ ఆ గదికి తలుపు బిగించాడు, గడియ పెట్టలేదు.

ఏలీయాబు నాలుగేళ్ళకి మఠంలో పోట్లాడి పడమటి కొండలు దాటి వెళ్ళిపోయాడు. పదవి కోసం పోట్లాట, దేవుడి కోసం కాదు. కొండమీది ఇంట్లో ఇప్పుడు ఎండుగడ్డి వేసుకుంటున్నాం. సంఘం పోయింది గానీ కథ పోలేదు. ఆ కథలో, ఇంకొద్ది రోజులు ఆగి ఉంటే చావు లేని మనిషి ఒకడు ఈ వాగు ఒడ్డున నడిచేవాడు, ఒక బుద్ధిలేని ఆడది గొడ్డలితో వచ్చి చెడగొట్టింది. నడుస్తూనే ఉన్నాడు కదయ్యా, కళ్ళు లేవా, ముక్కుతూ మూలుగుతూ డెబ్బై దాటినా నడుస్తూనే ఉన్నాడు, నడిపించిందెవరు అని నేను అడుగుతాను.

ఒట్టీలియా ఒక చలికాలం దగ్గుతో మంచమెక్కి మళ్ళీ లేవలేదు. ఆఖరి రోజున నన్ను దగ్గరికి పిలిచింది.

"రెజీనా, వాడి రొట్టె..."

"నాకెందుకే ఆ కృతఘ్నుడి గోల" అన్నాను. ఏడుస్తూనే అన్నాను.

"వాడి కడుపు మాడనివ్వకే" అంది. తల్లి మాటే. ఇంకో మాట ఏదీ చెప్పలేదు. దేవుడి గురించి కూడా చెప్పలేదు.

అందుకే వాడు నా వంటింట్లో ఉన్నాడు. రోజూ తిట్టుకుంటాను, రోజూ నానబెడతాను.

మొన్న ఆ ముగ్గురూ వాడి చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఆ తెల్ల గింజ రుచి ఎలా ఉంటుంది, దీపం ఎటు వైపు పెట్టారు, మూడో మెట్టు గుర్తు ఏమిటి అని అడుగుతూ, చెప్పిందల్లా పెన్సిలుతో రాసుకున్నారు. వాడు పెళ్ళికొడుకులా నిటారుగా కూర్చున్నాడు. స్వర్గం గుమ్మం, వెలుగు, వెనక నుంచి లాగిన చెయ్యి, అన్నీ చెప్పాడు. పొడుగాయన తల పంకించి, "ఎంత నష్టం! అజ్ఞానం ఎంత పని చేసింది!" అన్నాడు.

నాకు ఇంక ఆగలేదు. గిన్నె వాడి ముందు ఠక్కున పెట్టాను. "అయ్యా, మూడో మెట్టు తట్టు కావాలా? నేను చూపిస్తాను" అని బల్లమీద తట్టాను. మెల్లగా రెండు, ఆగి అరచేత్తో ఒకటి. ముగ్గురూ తెల్లబోయారు. పొడుగాయన పక్కవాళ్ళ వైపు చూసి, గొంతు తగ్గించి, "ఇది మీకెలా తెలిసిందమ్మా?" అన్నాడు.

వీళ్ళూ అదే ప్రశ్న! "ఆ తట్టు ఎవరి వంటింటిదో ఆవిడ కూతురు ఇదే ఇంట్లో ఈయన నోట్లో ముప్ఫై ఏళ్ళు చెంచా పెట్టింది. ఒట్టీలియా ఆమె పేరు. అది రాసుకోండి" అన్నాను. 

పెన్సిలు కదల్లేదు. తోబియాస్ ఏదో అంటాడని చూశారు. నేనూ చూశాను. ఇన్నేళ్ళలో వాడి నోట అక్క గురించి ఒక్క మంచి మాట వినలేదు, ఇప్పుడైనా అంటాడేమోనని, ఛీ, నాకే సిగ్గేసింది, ఆశ పడ్డాను. వాడు గిన్నెలో చెంచా పెట్టి, ఒక ముద్ద నోట్లో వేసుకుని, దవడలు ఆడిస్తూ మొహం చిట్లించాడు.

"చల్లగా ఉన్నాయి" అన్నాడు. "అక్కయితే పాలు వెచ్చబెట్టేది."

అనేసి చెంచా పట్టుకుని అలాగే ఉండిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగి గిన్నెలో పడ్డాయి. పెద్దమనుషులు మర్యాదగా చూపులు తిప్పుకున్నారు. నేను గిన్నె అందుకుని పాలు వెచ్చబెట్టి తెచ్చాను. ఆ మాట మాత్రం వాళ్ళు రాసుకోలేదు.